పరీక్షకి ముందు నేను ఆపిన మందు

ఆ ఆదివారం ఆరాధనకి బయల్దేరుతుంటే ప్రశాంతికి చెప్పులు పట్టలేదు. పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడుతోంది. నా భార్యకి అప్పుడు ఏడో నెల వచ్చిందంతే. కడుపుతో ఉన్నవాళ్ళకి నీరు పట్టడం మామూలేనని నేనే అన్నాను. మా అమ్మ చెప్పులు తొడుక్కుని ప్రశాంతి చర్చికి వచ్చింది. ప్రసంగం సగంలో ఉండగా ఆడవాళ్ళ వైపు నుంచి నాకేసి చూసి, బయటికి రమ్మన్నట్టు చెయ్యి ఊపింది. తల పగిలిపోతోందని, కళ్ళ ముందు మెరుపులు మెరుస్తున్నాయని చెప్పింది.

అమలాపురంలో బీపీ చూసిన డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోనివ్వలేదు. కాకినాడ తీసుకెళ్ళమన్నారు. అక్కడికి వెళ్ళిన రోజే ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. కిలో బరువు కూడా లేదు. నర్సు ఎత్తి చూపిస్తే అరచేతిలో ఇమిడేంత ఉంది, చర్మం కింద నరాలు కనిపిస్తున్నాయి. ఏడవలేదు. నోట్లో గొట్టం పెట్టి, నెలలు నిండని పిల్లలుండే ఎన్‌ఐసీయూలోకి తీసుకుపోయారు. ప్రశాంతి స్పృహలోకి వచ్చాక పేరు అడిగారు. దీవెన అని చెప్పింది.

నా గురించి రెండు మాటలు ముందే చెప్పాలి. ఉప్పలగుప్తం దగ్గర నాకు రొయ్యల మేత, చెరువు మందుల దుకాణం ఉంది. డిగ్రీలో ఫిషరీస్ చదివాను. నీళ్ళు చూసి, రొయ్యని చేత్తో పట్టుకుని, ఏ మందు ఎంత వెయ్యాలో చెప్తాను. రైతులు నన్ను సగం గౌరవంగా, సగం వేళాకోళంగా డాక్టరుగారు అని పిలుస్తారు. ఒకాయనైతే వచ్చినప్పుడల్లా, "మా రొయ్యకి జొరం తగ్గింది గానండీ, మీ బిల్లు చూసి నాకొచ్చిందండీ," అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. కానీ ఆ డాక్టరుగారు అన్న మాట నాలో ఎక్కడో నిజంగానే కూర్చుంది. తర్వాత జరిగినదానికి మొదలు అక్కడే.

దీవెన వెంటిలేటర్ మీద వారాల తరబడి ఉంది. గొట్టం తీస్తే ఊపిరి అందదు, మళ్ళీ పెడతారు. మాకు చూపించేది రోజుకొక్కసారి. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, గౌను తొడుక్కుని, తనని పడుకోబెట్టిన అద్దాల పెట్టె పక్కన నిలబడేవాళ్ళం. ప్రశాంతి పాలు పిండి సీసాలో పట్టి ఇచ్చేది. అవి ముక్కులోని సన్నగొట్టంలోంచి చుక్కలుగా వెళ్ళేవి.

ఒకరోజు అక్కడి పిల్లల డాక్టరు మేడమ్ మా ఇద్దరినీ కూర్చోబెట్టారు. వెంటిలేటర్ మీద ఎక్కువ కాలం ఉండడం వల్ల ఊపిరితిత్తులు వాచి బిగుసుకుపోతున్నాయని, ఇలాగే ఉంటే గొట్టం ఎప్పటికీ తీయలేమని చెప్పారు. "స్టెరాయిడ్ ఇద్దామనుకుంటున్నామండీ. దాంతో నష్టాలు ఉన్నాయి, నేను దాచను. ఇవ్వకపోతే నష్టం ఇంకా పెద్దది," అన్నారు.

స్టెరాయిడ్ అనగానే మా అమ్మ భయపడింది. మా వీధిలో ఒకావిడ మోకాళ్ళ నొప్పులకి ఎవరో ఇచ్చిన బిళ్ళలు ఏళ్ళ తరబడి మింగి, మొహం చక్రంలా ఊది, ఎముకలు గుల్లై మంచాన పడింది. అవి స్టెరాయిడ్ బిళ్ళలని తర్వాత తెలిసింది. "పసిదానికి ఆ విషం ఎందుకురా," అని అమ్మ ఏడిచింది. అయినా సంతకం పెట్టాం. మందు పనిచేసింది. మొదటిసారి గొట్టం తీశాక మళ్ళీ ఆయాసం వస్తే, రెండోసారి కూడా ఇచ్చారు. ఆ తర్వాత దీవెన ముక్కులోంచి గాలి ఒత్తిడి ఇచ్చే సీపాప్ మీదికి, అక్కణ్ణుంచి మామూలు ఆక్సిజన్ మీదికి వచ్చింది. మొదటిసారి ఏడుపు విన్నాం. పిల్లి కూన గొంతులా ఉంది. ప్రశాంతి అద్దానికి తల ఆనించి నిలబడిపోయింది.

ఇంక ఇంటికే అనుకుంటున్నప్పుడు షుగర్ పడిపోవడం మొదలైంది. బీపీ కూడా నిలవడం లేదు. పొద్దున్నే రక్తం తీసి కార్టిసాల్ చూశారు. ఉండాల్సినదానికన్నా బాగా తక్కువ ఉంది. మేడమ్ మాకు అర్థమయ్యేలా చెప్పారు. కిడ్నీల మీద అడ్రినల్ అనే చిన్న గ్రంథులుంటాయట. ఒంటికి కావలసిన స్టెరాయిడ్‌ని అవే తయారుచేస్తాయి. మనం బయటినుంచి ఎక్కువ ఇచ్చినప్పుడు అవి పని మానేసి నిద్రపోతాయి. మందు ఆపగానే లేవవు, వాటికి టైము పడుతుంది. దీన్ని అడ్రినల్ ఇన్‌సఫిషియెన్సీ అంటారు. అవి లేచేదాకా హైడ్రోకార్టిసోన్ కొద్దికొద్దిగా మనమే ఇవ్వాలి.

"ఇది జబ్బుకిచ్చే మందు కాదండీ. ఒంట్లో ఉండాల్సినదే, లేదు కాబట్టి మనం పోస్తున్నాం. ఒక్క పూట కూడా మానకూడదు. జ్వరం వస్తే డోసు పెంచాలి. వాంతులైతే ఇంజెక్షన్ చేయించాలి," అన్నారు. ప్రశాంతి ఆ మాటలు తిరిగి అప్పజెప్పింది. నేను అన్నిటికీ ఆయ్ అని తల ఊపాను.

దీవెనని ఇంటికి తెచ్చుకున్నాం. బిళ్ళలో ముక్క పొడిచేసి, కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, సిరంజిలో కొలిచి, రోజుకి మూడు పూటలా నోట్లో పొయ్యాలి. కలపడం నా పని. మందులు కొలవడం నాకు రోజూ ఉన్నదే కదా అని నేనే తీసుకున్నాను. సిరంజి ప్రశాంతి చేతికిచ్చేవాణ్ణి. తను బుగ్గ లోపలి వైపు ఆనించి మెల్లగా పోసేది. పిల్ల చప్పరించి మూతి ముడిచేది. మొహం గుండ్రంగా తేలింది. చూడవచ్చినవాళ్ళు బొద్దుగా ఉందని ముద్దుచేసేవారు. మా అమ్మ మాత్రం ఆ బుగ్గల్ని చూసి నావైపు చూసేది. ఆ చూపు నాకు అర్థమయ్యేది. వీధిలో మంచాన పడ్డావిడ మొహం నాకూ గుర్తొచ్చేది.

చెకప్‌కి వెళ్ళినప్పుడు మేడమ్ ఏసీటీహెచ్ స్టిమ్యులేషన్ టెస్ట్ చేద్దామన్నారు. ఒక ఇంజెక్షన్ ఇచ్చి, కాసేపాగి కాసేపాగి రక్తం తీస్తారు. గ్రంథి లేచి ఉంటే కార్టిసాల్ పెరుగుతుంది, నిద్రలోనే ఉంటే పెరగదు. తారీఖు ఇచ్చి, ముందురోజు సాయంత్రం డోసు మాత్రం ఆపి, పొద్దున్న మందు వెయ్యకుండా వెంట తెచ్చుకుని రమ్మన్నారు. రక్తం తీసిన వెంటనే అక్కడే వేస్తారట. ఎందుకు ఆపాలని అడిగాను.

"మనమిచ్చే మందు కూడా రక్తంలో కార్టిసాల్ లాగే కనిపిస్తుందండీ. రిపోర్టు తప్పుగా వస్తుంది."

ఇంత స్పష్టంగా చెప్పారు. నేను దాన్ని నా దుకాణంలోకి పట్టుకుపోయాను.

చెరువు పట్టుబడికొచ్చే ముందు, అంటే రొయ్యలు పట్టి అమ్మేముందు, కొనేవాళ్ళు రొయ్యల శాంపిల్ తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తారు. అందులో యాంటీబయాటిక్ ఛాయ కనిపించిందంటే సరుకు వెనక్కే. అందుకని పట్టుబడికి చాలా ముందే మందు ఆపేయమని రైతులకి నేనే చెప్తాను. ఎంత ముందు ఆపితే శాంపిల్ అంత శుభ్రంగా వస్తుంది. ఒక్క పూట ఆపితే ఏం సరిపోతుంది, ఒంట్లో ఎక్కడో కాస్త మిగిలే ఉంటుంది, రిపోర్టు పాడవుతుంది, వీళ్ళు ఇంకో ఆరు నెలలు ఆ విషాన్నే వెయ్యమంటారు అనుకున్నాను. ఆ పరీక్ష మిగిలిన మందుని వెతికేది కాదు. గ్రంథికి ప్రాణం ఉందో లేదో చూసేది. అది నాకు చెప్పారు కూడా. నేను విన్నాను. విని కూడా నాకు తెలిసినదాన్నే నమ్మాను.

తారీఖుకి ఓ వారం ఉందనగా ఆపేశాను. ప్రశాంతికి చెప్తే ఒప్పుకోదు. మేడమ్‌కి ఫోన్ చేస్తుంది. అందుకని చెప్పలేదు. సిరంజిలో ఉత్త నీళ్ళు పట్టి ఇచ్చాను. కాస్త తెల్లగా కనిపించాలని పాలచుక్క కలిపాను. తను ఎప్పటిలాగే పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని, తలకాయ ఎత్తి పట్టి, బుగ్గలో పోసింది. మొదటి పూట పక్కనే నిలబడి చూశాను. తర్వాత సిరంజి ఇచ్చి దుకాణానికి వెళ్ళిపోయేవాణ్ణి.

మొదట్లో ఏ తేడా కనిపించలేదు. నేను మనసులో గెలిచాననుకున్నాను కూడా. ఆ తర్వాత పిల్ల పాలు తాగేటప్పుడు మధ్యలోనే నిద్రపోవడం మొదలుపెట్టింది. నవ్వడం తగ్గింది. ప్రశాంతి రెండుసార్లు నాతో అంది. ఉక్కపోతకి అలా ఉందన్నాను.

పరీక్ష రెండు రోజుల్లో ఉందనగా ముక్కు కారి, ఒళ్ళు కాలింది. ప్రశాంతి పరుగున వచ్చింది. "ఏవండీ, మేడమ్ గారు చెప్పేరు కదండీ, జొరమొస్తే డోసు పెంచాలని. ఎక్కువ కలపండి," అంది. ఆయ్ అన్నాను. వెళ్ళి నీళ్ళే కాస్త ఎక్కువ పట్టి తెచ్చాను. ఇంకో రెండు రోజులే కదా అనుకున్నాను. దేవుడు నాకు వెనక్కి తిరగడానికి ఒక గుమ్మం తెరిచి చూపించాడంటే అది ఆ పూటే.

మర్నాడు పొద్దున్న పాలకి లేపితే దీవెన లేవలేదు. ఒళ్ళు చల్లగా, చెమట పట్టి ఉంది. పెదాల చుట్టూ రంగు లేదు. ఎత్తితే చేతులు రెండూ తడిగుడ్డ లాగ వేలాడాయి. నోట్లో పోసిన పాలు పక్కనుంచి కారిపోయాయి. ఆటోలో అమలాపురం ఒక పిల్లల ఆస్పత్రికి తీసుకుపోయాం. పెద్దాయన, అనుభవం ఉన్న డాక్టరు. చూడగానే షుగర్ పరీక్ష చేసి, దొరకని నరం కోసం చాలాసేపు వెతికి గ్లూకోజ్ ఎక్కించారు. ప్రశాంతి పుట్టినప్పటినుంచీ జరిగింది వరసగా చెప్పింది.

"స్టెరాయిడ్ మానకుండా వేస్తున్నారామ్మా?"

"ఒక్క పూట తప్పలేదండీ. నిన్న జొరమని పెంచి కూడా వేసేం."

ఆయన తల తిప్పి నన్ను చూశారు. "అంతేనా బాబూ?"

ఆయన అడిగింది నన్నే. గదిలో మేం ముగ్గురమే ఉన్నాం, పిల్ల బల్ల మీద ఉంది.

"ఆయ్ అండి," అన్నాను.

డోసు పెంచి వేశాక కూడా ఇలా ఉందంటే రక్తంలో ఇన్‌ఫెక్షన్ అయి ఉంటుందని ఆయన అనుకున్నారు. అలా అనుకునేలా చేసింది నేను. యాంటీబయాటిక్ ఇచ్చి, ఆక్సిజన్ పెట్టి, అంబులెన్సులో కాకినాడ పంపారు. ముమ్మిడివరం దాటేదాకా షుగర్ నిలిచింది. ఎదుర్లంక వంతెన మీదికి ఎక్కుతుండగా పిల్ల ఎడమ చెయ్యి కొట్టుకోవడం మొదలైంది. కళ్ళు పైకి వెళ్ళాయి. ఫిట్స్ అని నర్సు చెప్పింది. ప్రశాంతి పిల్ల కాళ్ళు పట్టుకుని కీర్తన అందుకుంది. పెదాలే కదులుతున్నాయి. కింద గోదావరి నిండుగా ఉంది. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. చెప్పడానికి అక్కడ కూడా నోరు రాలేదు.

కాకినాడలో మేడమ్ తలుపు దగ్గరే ఎదురొచ్చారు. లోపలికి తీసుకెళ్తూనే మందు సంగతి అడిగారు. ప్రశాంతి మళ్ళీ అదే మొదలుపెట్టింది, తప్పలేదండీ అని. అప్పుడు అన్నాను.

"వెయ్యలేదండీ. వారంనుంచి నేను నీళ్ళే ఇస్తున్నాను."

 మేడమ్ నర్సు వైపు తిరిగి హైడ్రోకార్టిసోన్ అని ఒక్క మాట చెప్పారు. తలుపు వేసేశారు. బయట ప్రశాంతీ నేనూ మిగిలాం. తను చాలాసేపు తన కుడిచెయ్యినే చూసుకుంది. తర్వాత మెల్లగా, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"నా చేత్తోనే నీళ్ళు పోయించేరా?"

 

ఇంజెక్షన్ పడ్డాక బీపీ లేచిందని, షుగర్ నిలిచిందని, మధ్యాహ్నానికి ఒంటికి రంగు వచ్చిందని చెప్పారు. దీవెన బతికింది. ఫిట్స్ మాత్రం కొన్నాళ్ళు వస్తూనే ఉన్నాయి. తర్వాత ఎంఆర్ఐ తీశారు. షుగర్ మళ్ళీ మళ్ళీ పడిపోవడం వల్ల మెదడు వెనక భాగం దెబ్బతిందని, చూపు ఆ భాగంలోనే ఉంటుందని మేడమ్ చెప్పారు. కళ్ళు బాగానే ఉన్నాయట, చూసింది తెలుసుకునే చోట దెబ్బ తగిలిందట. ఎంతవరకు వస్తుందో పిల్ల పెరిగితే గాని తెలియదన్నారు. అమలాపురంలోనే నిజం చెప్పి ఉంటే తేడా ఉండేదా అని అడిగాను. 

"ఆ ఇంజెక్షన్ అక్కడే పడేదండీ," అన్నారు. అంతకన్నా అనలేదు. అనకపోవడం ఆవిడ దయ.

ఇంటికొచ్చాక ప్రశాంతి మందు కలపడం తీసుకుంది. నన్ను తిట్టలేదు, పుట్టింటికి వెళ్ళలేదు. అన్నం పెట్టేది, అడిగినదానికి జవాబిచ్చేది. నేను మందు కలిపే గిన్నెల వైపు వెళ్తే మాత్రం సిరంజి తీసి గుప్పిట్లో పెట్టుకునేది. మా అమ్మ, తన మాట విని నేను పాడైపోయానని తనని తాను తిట్టుకుంది. అమ్మ భయపడింది అంతే. ఆపింది నేను. దుకాణంలో ఆ మధ్య ఒక రైతు పట్టుబడికి ఎన్ని రోజుల ముందు మందు ఆపాలని అడిగితే చెప్పలేకపోయాను. పక్క దుకాణంలో అడగమన్నాను. ఏం డాక్టరుగారూ మర్చిపోయేరా అని నవ్వాడు. ఆ పిలుపు మానెయ్యమని ఆ రోజే అందరికీ చెప్పాను.

కొన్ని నెలలు పోయాక ఆ టెస్ట్ మళ్ళీ పెట్టారు. ఈసారి ముందురోజు సాయంత్రం ఒక్క డోసే, చెప్పినట్టుగా ఆపింది ప్రశాంతి. పొద్దున్న డోసు సీసాలో పట్టుకొచ్చింది. ఇంజెక్షన్ ఇచ్చారు, రక్తం తీశారు. దీవెన ఏడుస్తుంటే నేను ఎత్తుకున్నాను. మర్నాడు రిపోర్టు నార్మల్ అని వచ్చింది. అడ్రినల్ లేచింది. స్టెరాయిడ్ మెల్లగా తగ్గించి మానెయ్యొచ్చన్నారు. నేను అంత దొంగతనం చేసి కోరుకున్న మాట అదే. మేడమ్ చేతిలో ఆ కాగితం పట్టుకుని చెప్తుంటే, మా పిల్ల ఆవిడ గొంతు వైపు చెవి తిప్పింది, మొహం వైపు కళ్ళు తిప్పలేదు.

లేచి వచ్చేస్తూ ఉండబట్టలేక అడిగాను. మొదటిసారి మీరు చెప్పినట్టే తెచ్చి ఉంటే, పరీక్ష ఫెయిల్ అయ్యేదా అని.

"అయ్యేదేనేమోనండీ. అయితే ఏముంది? ఇంకో మూడు నెలలు మందు వేసి మళ్ళీ చూసేవాళ్ళం."

వస్తున్నంతసేపూ బస్సులో ఆ మాటే. నేను దేనికి భయపడి ఇంత చేశానో దాని ఖరీదు అది. ఇంకో మూడు నెలలు రోజుకి మూడు పూటలా ఒక చిన్న సిరంజి.

దీవెనకి ఇప్పుడు మూడేళ్ళు దాటాయి. దిండు ఆనిస్తే కూర్చుంటుంది. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి అమలాపురం తీసుకెళ్తాను. వెలుగు తెలుస్తుంది. ఎర్రటి వస్తువు కుడివైపునుంచి దగ్గరగా తెస్తే కళ్ళు దానివైపు తిరుగుతాయి, ఒక్కోరోజు తిరగవు. గొంతులన్నీ గుర్తుపడుతుంది. ప్రశాంతి గొంతు వినగానే కాళ్ళు ఆడిస్తుంది. ఫిట్స్ మందు ఇంకా నడుస్తోంది. అది వేసేది ప్రశాంతే. ఈమధ్య ఒకసారి తనకి జ్వరమొచ్చి లేవలేకపోయింది. నేను వెయ్యనా అని అడిగాను. వద్దంది. గోడ పట్టుకుని లేచి, తనే కలిపి, తనే పోసి, వచ్చి పడుకుంది. పిల్లని ఒళ్ళో పెట్టుకుని తల ఎత్తి పట్టుకోవడం వరకు నాకిచ్చింది. అది చేశాను. నాకు దొరికే చోటు ప్రస్తుతానికి అంతే, దానికి కూడా నేను తగినవాణ్ణని చెప్పను.

నెలలు నిండకుండా పుట్టి, స్టెరాయిడ్ పడిన పిల్లలున్న తల్లిదండ్రుల కోసం ఇది రాశాను. మందు ఆపకూడదని మీ డాక్టర్లు చెప్తారు, నాకన్నా బాగా చెప్తారు. నేను చెప్పగలిగింది ఒక్కటే. భయంతోనో, మతిమరుపుతోనో, నాలాగ తెలివి ఎక్కువైపోయో ఏదో ఒక పూట మందు పడకపోతే, ఆ సంగతి మీరు వెళ్ళిన మొదటి ఆస్పత్రిలో, మిమ్మల్ని అడిగిన మొదటి మనిషికి చెప్పండి. అడక్కపోయినా చెప్పండి. పక్కన భార్య ఉన్నా, తల్లి ఉన్నా, ఎవరున్నా సరే, పిల్లని బల్ల మీద పడుకోబెట్టేలోగా చెప్పేయండి.